ధూల్‌పేట్‌లో పుట్టిన పడవ

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, నా ఈడు ఆడపిల్లలంతా ప్రేమలో పడుతుంటే నేను అనుమానంలో పడ్డాను. తప్పు నాది కాదు, నా మొదటి ఉద్యోగానిది. చాంద్రాయణగుట్ట చౌరస్తాకు దగ్గర్లో, ఒక టైర్ల దుకాణానికీ ఒక టీ హోటలుకూ మధ్య ఇరుక్కున్న గదిలో కూర్చునే నోటరీ సారు దగ్గర టైపిస్టుగా చేరాను. ఆయన ఏ కాగితాన్నయినా ముందు ట్యూబులైటు వెలుగుకు ఎత్తి చూసేవారు. తర్వాత ఫొటో, తర్వాత మనిషి మొహం, మళ్ళీ ఫొటో. (ఒకసారి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాణ్ణి కూడా అలాగే చూశారు.) "నవ్వుకుంట వచ్చినోన్ని రెండుసార్లు చూడాలె, ఏడ్చుకుంట వచ్చినోన్ని మూడుసార్లు చూడాలె" అని నాకు మొదటి రోజే పాఠం చెప్పారు. మరి మామూలుగా వచ్చినవాణ్ణి అని అడిగితే, "మామూలు మనిషి నోటరీ కాడికి ఎందుకొస్తడమ్మా" అన్నారు. ఆరు నెలల్లో నేను ఎంత ముదిరానంటే, ఇంట్లో మా అమ్మ "పప్పులో ఉప్పు సరిపోయిందా" అని అడిగితే "ఎందుకడుగుతున్నావు?" అనేదాన్ని.

మాది కోస్తా. నాన్న బస్సు డిపోలో మెకానిక్కు కావడంతో కిషన్‌బాగ్‌లో స్థిరపడ్డాం. అమ్మ తమ్ముడు, మా చిన్న మామయ్య, మాత్రం సముద్రాన్ని వదల్లేదు. చేపల వేట ఆయన బతుకు. ఆయన చెక్క పడవకు పురుగు పట్టి అడుగు జల్లెడైపోయింది. అప్పుడప్పుడే తీరంలో ఫైబరు పడవలు వస్తున్నాయి, కానీ వాటికోసం వరసలో నిలబడితే ఏడాది పడుతుందన్నారట. ఆ చలికాలం మా ఇంటికి వచ్చిన మామయ్య, ఊరు చూద్దామని తిరుగుతూ ధూల్‌పేట్ వెళ్ళాడు. అక్కడ వినాయకుడి విగ్రహాలు చేసే ఒకాయన పెరట్లో, ఏదో పార్కు చెరువు కోసం చేసిన ఫైబరు హంస పడవలు ఆరుతూ కనిపించాయి. మామయ్య హంస వీపు మీద వేలి కణుపుతో కొట్టి చూసి, చెవి ఆనించి విని, అక్కడికక్కడే సముద్రం పడవ చేసిపెట్టమని మాట్లాడేసుకుని వచ్చాడు. కొలతలకు ఊరెళ్ళి, పక్కింటివాళ్ళ పడవను తాడుతో కొలిచి, ముడులు వేసి, ఆ ముడుల తాడునే బస్సులో తెచ్చి ఇచ్చాడు.

ఆ బొమ్మల భాయ్ (మేమంతా అలాగే పిలిచేవాళ్ళం) మంచి పనిమంతుడు. కానీ మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. నాన్న బాధను అమ్మ పైకి అనేసింది: "అదేంట్రా, ఆయన పుట్టి బుద్ధెరిగాక చేసినవన్నీ నీళ్ళలో ముంచడానికి చేసినవే కదా." ఆ మాటకు మామయ్య చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. అప్పటిదాకా ఆయనకు ఆ కోణం తట్టలేదు.

ఎండాకాలం వేట నిషేధం ముగియడానికి పది రోజులుందనగా పడవ తయారైంది, మామయ్య ఒక ఫైలుతో దిగాడు. రిజిస్ట్రేషన్ ఉంటేనే లైసెన్సు, లైసెన్సు ఉంటేనే వేట. అందుకు ఇంజను కొన్న బిల్లు, పడవ నాదేనన్న అఫిడవిట్టు, పడవ ఫొటోలు, మనిషికొక లైఫు జాకెట్టు ఉండాలి. అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఈ పడవను ఫలానా చోట, ఫలానా కొలతలతో నేను కట్టానని కట్టినవాడు సంతకం పెట్టిన ధ్రువపత్రం. దాన్ని టైపు చేసే భాగ్యం నాది.

కాగితం చూసి నోటరీ సారు ట్యూబులైటు కిందికి కుర్చీ జరుపుకున్నారు. "గిదేందమ్మా, కట్టిన జాగ ధూల్‌పేట్ అని కొట్టినవ్? ధూల్‌పేట్ల పడవేంది? దీన్ల ఏదో మతలబున్నది. రేపు గది మునిగితే నా ముద్ర మీదికి వస్తది" అన్నారు. ఆయన అన్నది అంతే. మిగతాది నా సొంత తెలివి. ఆ మధ్యాహ్నం ఎవరూ చెప్పకుండానే ధ్రువపత్రం చివర ఇంకో వాక్యం కలిపాను. సదరు పడవ ఎప్పుడైనను, ఎక్కడైనను, ఏ కారణము చేతనైనను మునిగిన యెడల సంపూర్ణ బాధ్యత తనదేనని కట్టినవాడు ఒప్పుకుంటున్నాడని ఆ వాక్యం అర్థం. ఇంగ్లీషులో రాశాను, కట్టినాయనకు రాదు కదా అని. రాస్తున్నప్పుడు నా భుజం నేనే తట్టుకున్నంత గర్వం.

బొమ్మల భాయ్‌కి ఇంగ్లీషు రాదు గానీ ఆయన కూతురికి వచ్చు, పదో తరగతి. మర్నాడు మామయ్య సంతకం కోసం వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. "ఏం రాశావే అమ్మాయీ ఆ కాయితంలో? పెద్దమనిషి మొహం చిన్నబోయింది. నాతో మాట్లాడకుండా రంగు కలుపుకుంటా కూర్చున్నాడు" అన్నాడు. విషయం చెప్పాక మామయ్య నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడకు ఆనుకుని కూర్చుని, "ఇంక తొమ్మిది రోజులుంది" అన్నాడు. ఆయన మీద ఆధారపడి ఇంట్లో అయిదుగురు, పడవ మీద పనికి వచ్చే నలుగురు. కాగితం కదలకపోతే ఆ ఏడు వేట మొదలైన రోజున ఊరంతా సముద్రంలో ఉంటే వాళ్ళు ఒడ్డున కూర్చోవాలి.

సాయంత్రం నేనే ధూల్‌పేట్ వెళ్ళాను. సందులో మట్టి, గోనెలు, ఇంకా తలలు పెట్టని వినాయకుళ్ళ మధ్య ఆ పడవ తెల్లగా, సందు మొత్తం తనదే అన్నట్టు పడుకుని ఉంది. బొమ్మల భాయ్ నన్ను చూసి స్టూలు వేయించారు, చాయ్ తెప్పించారు. తర్వాత మెల్లగా మొదలుపెట్టారు.

"ముప్పై ఏండ్ల సంది ఈ పని చేస్తున్న బిడ్డా. నా గణపతి కింద కూసోని ఎంతమంది మొక్కిన్రో లెక్క లేదు. నీ కాగజ్ ఏదీ అని ఎవ్వలు అడుగలే. నువ్వు అడిగినవ్, మంచిదే, కానూన్ అడుగుతది. కానీ దొంగసాటుగ ఎందుకు రాసినవ్?"

సారు పేరు చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, అది కూడా అబద్ధమే అవుతుందని చెప్పలేదు. తప్పు నాదే, ఆ వాక్యం తీసేస్తానన్నాను.

"తీసేయ్. సంతకం పెడ్త. గాని నీకు నమ్మకం, యకీన్ లేకుంట పెట్టను. పడవను మీ ఊరికి తీస్కపొయ్యే లారీ తొవ్వల మీరాలం చెరువు ఉన్నది. ఆడ దించుదాం. ముందుగాల నువ్వు ఎక్కు."

సముద్రం ఒడ్డువాళ్ళ పిల్లనే గానీ నాకు ఈత రాదు. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి కోస్తా పౌరుషం అడ్డొచ్చింది.

మర్నాడు, పెద్ద వినాయకుళ్ళను లారీలకెక్కించే మనుషులు పన్నెండుమంది పడవను భుజాన వేసుకుని సందు దాటించారు. చెరువులో వలలు వేసేవాళ్ళతో మామయ్య అప్పటికే చుట్టరికం కలిపేసుకున్నాడు కాబట్టి దించడానికి వాళ్ళూ సాయం పట్టారు. నోటరీ సారు కూడా వచ్చారు. తన కళ్ళతో చూడకుండా ముద్ర వేయనని చేతిసంచిలో స్టాంపు, ఇంకుప్యాడు పెట్టుకుని మరీ వచ్చారు. ఎక్కమంటే మాత్రం "నేను గట్టు మీదనే మంచిగున్న" అన్నారు. నేను రెండు లైఫు జాకెట్లు వేసుకున్నాను, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు. మామయ్య గెడ వేశాడు. పడవ జారింది, ఒక పక్కకు ఒరిగింది, సర్దుకుంది. కళ్ళు తెరిచేసరికి గట్టు దూరంగా ఉంది, ఎదురుగా బొమ్మల భాయ్ అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు.

"బిడ్డా, నీకు ఈత వస్తదా?" అన్నారు చిన్నగా.

"రాదు భాయ్. మీకు?"

"నాకు గూడ రాదు."

ఆ తర్వాత ఇద్దరం అడుగు వైపే చూస్తూ కూర్చున్నాం. నా కాళ్ళ దగ్గర నీళ్ళు కనిపించేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. ఆయన వంగి వేలితో ముట్టి, మామయ్య లుంగీ వైపు చూపించారు. పడవ తోసేటప్పుడు మొలదాకా తడిసి ఎక్కాడు కదా, దాన్నుంచి కారుతున్న నీళ్ళవి.

గట్టు చేరేసరికి అక్కడ ఒక కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. "పడవ ఎవలది? నంబర్ ఏది?" అన్నాడు.

"నంబరు కోసమేనండి, తేలుతుందో లేదో చూస్తన్నాం" అన్నాడు మామయ్య.

"నంబర్ లేకుంట నీళ్ళల్ల ఎట్ల దించిన్రు?"

"తేలందే సంతకం పెట్టరండి. సంతకం లేందే నంబరు ఇవ్వరండి."

కానిస్టేబుల్ నా రెండు జాకెట్లనూ చూశాడు. అనుమానం పెరిగినట్టుంది. అప్పుడు నోటరీ సారు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, తాను నోటరీననీ, ఇదంతా చట్టప్రకారం జరుగుతోందనీ చెప్పారు. "అట్లనా సార్. మీ ఐడీ కార్డు సూపియ్యున్రి" అన్నాడు అతను మర్యాదగానే.

సారు జేబులు వెతుక్కున్నారు. చేతిసంచి వెతికారు. స్టాంపు ఉంది, ప్యాడు ఉంది, ఆయన ఎవరో చెప్పే కాగితం మాత్రం ఒక్కటీ లేదు. నేను చేరినప్పటి నుంచీ ఆ మొహంలో ఆ రంగు ఎప్పుడూ చూడలేదు. కానిస్టేబుల్ స్టాంపును చేతిలోకి తీసుకుని, ఎండ వెలుగుకు ఎత్తి చూడటం మొదలుపెట్టాడు. అప్పుడు బొమ్మల భాయ్ పడవ దిగి, తడికాళ్ళతో వచ్చి అన్నారు, "ఈ సార్ నాకు ఎరుకే. మంచి మనిషి. ప్రతి సాల్ మా గల్లీకి వచ్చి గణపతిని కొంటడు. ఇంటికి పొయ్యెదాంక పగుల్తదేమోనని పదిసార్లు అడుగుతడు గాని, మనిషి నకిలీ గాదు, అసలే. నేను జిమ్మేదార్." ఆయన మాట మీద కానిస్టేబుల్ స్టాంపు తిరిగిచ్చేశాడు, తొందరగా పడవ తీసేయండని చెప్పి వెళ్ళిపోయాడు. గట్టు మీదే, లైఫు జాకెట్టును బల్లగా పరుచుకుని, బొమ్మల భాయ్ సంతకం పెట్టారు. నోటరీ సారు కాగితాన్ని వెలుగుకు ఎత్తకుండానే ముద్ర వేశారు.

లారీ వెనకాలే మేం మామయ్య ఊరికి బస్సులో వెళ్ళాం. కాగితాల్లో తప్పులొస్తే దిద్దడానికని మామయ్య నన్నూ, సంతకం కావాల్సొస్తే పెడతారని భాయ్‌నీ తీసుకెళ్ళాడు. రేవు ఆఫీసులోని అధికారి నెమ్మదస్థుడు. కట్టిన స్థలం దగ్గరికి వచ్చేసరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "హైదరాబాదుకు సముద్రం ఎప్పుడొచ్చిందండీ?" అన్నాడు. తర్వాత టేపు పట్టించి పడవ కొలిచాడు. నేను ముడుల తాడును మీటర్లలోకి మార్చి రాసిన పొడవు కన్నా అర అడుగు పైచిలుకు ఎక్కువొచ్చింది. ఆయన అనుమానంగా నన్ను చూశాడు, నేను భాయ్‌ని చూశాను, భాయ్ నేలను చూశారు. తాడు ప్రకారం పడవ ముక్కు తిన్నగా ఆగిపోవాలి. ఇక్కడేమో పైకి లేచి, కొసన చిన్నగా మెలిక తిరిగి ఉంది. అన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాం, తొండమని ఎవరికీ తట్టలేదు.

"చేతికి అల్వాటు సారూ. ముందటికి వచ్చేసరికల్ల దానంతట అదే లేస్తది" అన్నారు భాయ్.

అధికారి చాలాసేపు ఆ ముక్కు వైపు చూసి, తొండంతో సహా పొడవు రాయమన్నాడు. ఆఫీసు మిషన్ మీద నేనే మళ్ళీ టైపు కొట్టాను. భాయ్ మళ్ళీ సంతకం పెట్టారు. వేటకు ఇంకా రెండు రోజులుందనగా నంబరు వచ్చింది. రెండు పక్కలా ఆ అంకెలు రాయడానికి పెయింటర్ని పిలవబోతే, భాయ్ బ్రష్షు లాక్కున్నారు.

మొదటి వేటకు పడవలన్నీ తెల్లవారుజామున బయల్దేరి వెళ్ళాయి. బొమ్మల భాయ్ ఒడ్డు మీదే కూర్చున్నారు. పొద్దెక్కింది, ఎండ ముదిరింది, లేవలేదు. టిఫిను తెచ్చినా తినలేదు. పడవ తేలదన్న భయమేమో అనుకుని నేను పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక దూరంగా ఒక తెల్లటి చుక్క, దానికో లేచిన ముక్కు కనిపించాయి. ఆయన లేచి నిలబడ్డారు. "గింత ఉమర్‌ల, నేను చేసింది నీళ్ళల్లకెళ్ళి వాపస్ వచ్చుడు ఇయ్యాల్నే చూస్తున్న బిడ్డా" అన్నారు. మామయ్య తీసిపెట్టిన పెద్ద వంజరం చేపను, తనకు నీచు అలవాటు లేకపోయినా, కాదనకుండా అందుకున్నారు.

నోటరీ సారు దగ్గర ఇంకో నాలుగేళ్ళు పనిచేశాను. అనుమానించాల్సిన వాళ్ళు రాకపోలేదు, వచ్చారు. కానీ ఎవరైనా వింత కాగితం తెస్తే ముందు కూర్చోబెట్టి కథ అడగడం అలవాటైంది. అందువల్ల పని ఆలస్యమయ్యేది, సారు విసుక్కునేవారు. ఇప్పుడు నా జుట్టు నెరిసింది, ఎవరేం చెప్పినా నమ్మేస్తానని ఇంట్లో నా మీద ఫిర్యాదు కూడా ఉంది. ఒక్కోసారి ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. బిగించి కట్టిన జడ, ఇంకు అంటిన వేళ్ళు, ఎవర్నీ నమ్మని చూపు. ఇవాళ నేను వెళ్ళి "నేనే నువ్వు" అంటే అస్సలు ఒప్పుకోదు. నా మొహం రెండుసార్లు చూసి, ఒరిజినల్ ఏదీ అని అడుగుతుంది. ఒరిజినల్ నీ దగ్గరే ఉండిపోయిందమ్మా అని నవ్వి, గుమ్మంలోంచి వెనక్కి తిరగడం తప్ప నాకు ఇంకేం తోస్తుంది.