డాక్టరమ్మ చిన్న మాటలు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటున్నాను. మా డాక్టరమ్మ ఇంగ్లండు మనిషి. తెలుగు అర్థమయ్యేది కానీ ఇంగ్లీషే మాట్లాడేది. మనం తలనొప్పికే "సచ్చిపోతాండా" అంటాం. ఆమె నోట ఎన్నడూ పెద్ద మాట వచ్చేది కాదు.

ఒక ఉదయం పులివెందుల వైపు రైతు ఒకాయన, కాన్పు కాక అల్లాడుతున్న భార్యను ఎద్దుల బండిలో తెచ్చాడు. డాక్టరమ్మ పరీక్షించి, "ఎ లిటిల్ డిఫికల్ట్" అంది.

"కొంచెం కష్టమేనంట" అని కాంపౌండరు ఆయనకు చెప్పాడు.

"కొంచెమే గదా! ఎద్దులకు నీళ్లు తాపుకోనొస్తా" అంటూ ఆయన కదిలాడు.

నాకు ఆమె మాటతీరు తెలుసు. ఆమె 'లిటిల్' అందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

"యాడికీ పోవద్దన్నా! రక్తం ఇయ్యాల్సొస్తాది" అని అడ్డం నిలబడ్డాను.

అదృష్టం, ఆయన రక్తమే సరిపోయింది. మధ్యాహ్నానికి తల్లీ బిడ్డా దక్కారు. చెమటతో తడిసి ముద్దయిన డాక్టరమ్మ, కేరుమంటున్న బిడ్డను చూసి "నాట్ బ్యాడ్" అంది.

"ఏమంటాందమ్మా?" అన్నాడాయన బెదురుగా.

"శానా అంటే శానా గొప్పగా జరిగిందంటాందన్నా!"

డాక్టరమ్మ గిరుక్కున నావైపు తిరిగింది. మాట పెంచానని కోప్పడుతుందేమో అనుకున్నాను. ఒక్క క్షణం చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

అంత పెద్ద పని చేసి అంత చిన్న మాట అన్న మనిషిని ఇన్నేళ్లలో నేను ఇంకొకరిని చూడలేదు.