కామాక్షయ్య ఎడమ మడమ

ఆ ఉదయం కామాక్షయ్య నిలబడ్డచోటు నుంచి కదలకుండా కర్రతో పది దెబ్బలు కొట్టాడు. పదిసార్లూ ఎడమ మడమ కలుక్కుమంది.

మడమ మీద తెప్ప దుంగ పడి మూడు వారాలైంది. ఎముక విరగలేదు. పసుపు, ఆముదం పట్టించి, గుడ్డ చుట్టుకొని మళ్లీ సాము మొదలుపెట్టాడు. వాకాడు దగ్గరి జాలర్ల పల్లె పట్టపుపాళెంలో ఆయన కర్రసాము నేర్పబట్టి ఇరవై ఏళ్లు. ఆ ఏడు, 1962లో, శిష్యులు పదకొండు మంది. వాళ్లకు ఆయన చెప్పే మొదటి మాట ఒకటే: దెబ్బ కొట్టేటప్పుడు కాలు కదలకూడదు.

కదలని కాలు ఎందుకు నొప్పి పెడుతుందో అర్థం కాలేదు. పక్కన చేపలు ఎండబెడుతున్న భార్య పేరమ్మను అడిగాడు.

“కదలకుండానా?” అంది ఆమె. “వల లాగినట్టు ఎనక్కి పోతా ఉండావు గదయ్యా. ఇంకో పది కొడితే నా చేపలు తొక్కుతావు.”

“నోరు ముయ్. నేను ఆడనే నిలబడి ఉండా.”

“అయితే ఇసకే జరిగిందేమో.”

ఆయన కర్రతో గీత గీసి, కాలివేళ్లు దానికి ఆనించి మళ్లీ పది కొట్టాడు. కిందకు చూస్తే గీత రెండు మూరలు ముందుంది. కర్ర లేచినప్పుడల్లా ఎడమ మడమ బెత్తెడు వెనక్కి జారుతోంది. ఒడ్డున నిలబడి అలివివల తాడు లాగేవాళ్ల అడుగు అది. ఒళ్లు వెనక్కి వాల్చి, మడమ ఇసుకలో దించి, ఒక్కో పట్టుకు ఒక్కో అడుగు. చిన్నప్పటి నుంచీ వేస్తున్నదే. సాములోకి ఎప్పుడు వచ్చిందో ఆయనకు తెలియదు.

ఆ పూట అన్నం తినలేదు. మూడేళ్ల కిందట గంగమ్మ తిరునాళ్లలో, ఊరంతా చూస్తుండగా, ఇదే అడుగు వేశాడని గంగాధరం అనే శిష్యుడి చేతిలో నుంచి ఆయన కర్ర లాక్కున్నాడు. “ఎనకడుగు ఏసేవాడికి కర్రెందుకురా, రోకలి పట్టుకోపో” అన్నాడు. జనం నవ్వారు. గంగాధరం మళ్లీ సాముకు రాలేదు. పాళెంలో అతని పేరు ‘ఎనకడుగోడు’ అయింది. తెప్ప మీద తోటివాళ్లు కూడా అలాగే పిలుస్తున్నారు.

నాలుగు రోజులు కామాక్షయ్య కాలు నొప్పని చెప్పి శిష్యులను పంపేశాడు. ఒంటరిగా, మడమ వెనక రాయి పెట్టుకొని కొట్టి చూశాడు. రాయి కూడా జరిగింది. ఐదో రోజు, వల బాగుచేసుకుంటున్న గంగాధరం దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

“ఆ పొద్దు నువ్వేసిన అడుగు నాదేరా.”

గంగాధరం చేతిలో పని ఆపలేదు. “నాకు తెలుసు మామా. నీ కాళ్లు చూసే గదా నేర్చుకునింది.”

“మరి చెప్పలేదే?”

“చెప్తే ఆ రోకలితోనే కొట్టుందువు.”

కామాక్షయ్య తల వంచుకున్నాడు. “తప్పయిపోయింది అబ్బయ్యా.”

“నాకొక్కడికి చెప్పి ఏం లాభం? పదిమందిలో అన్నావు. పదిమందిలో చెప్పు.”

సాయంత్రం శిష్యులందరినీ, గంగాధరాన్నీ పిలిపించాడు. గీత గీసి, మడమ చూడమని చెప్పి, పది దెబ్బలు కొట్టాడు. మూడేళ్ల కిందట తాను శిక్షించింది తన అడుగునేనని గంగాధరం ఎదుటే చెప్పాడు. తర్వాత ఒక్కొక్కరినీ గీత మీద నిలబెట్టాడు. పదకొండు మందిలో తొమ్మిది మంది వెనక్కి జరిగారు.

“వల లాగేది మా నాయన ఊరికే నేర్పినాడే మామా” అన్నాడు వాళ్లలో పెద్దవాడు పెంచలయ్య. “దానికి నీ దగ్గర ఇన్నేళ్లు దెబ్బలు తినాల్నా?”

ఇద్దరు నవ్వారు. కామాక్షయ్య తన కర్రను గంగాధరం వైపు చాచాడు. అతను అందుకోలేదు. “వల ఇంకా సగం ఉండాది మామా” అని వెళ్లిపోయాడు.

మర్నాడు సాముకు వచ్చినవాళ్లు నలుగురు.