ముల్లు లేని కర్ర

మా తాత ముల్లుకర్రకు ముల్లు ఉండేది కాదు. బండి తోలే ప్రతివాడి కర్ర చివరా ఇనుప మొన ఉంటుంది, ఎద్దు నడక తగ్గితే పొడవడానికి. తాత దాన్ని పీకేసి, ఆ చివరను రాయికి రుద్ది నున్నగా చేసుకున్నాడు. అమ్మ తరఫు తాత. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనే. ఒకసారి నేను మేకపిల్లను చెవి పట్టి లాగితే, నా చెవి పట్టుకుని "గిట్లనేనా లాగింది? చెప్పు, గిట్లనేనా?" అని వాకిలంతా తిప్పాడు.

ఆ కర్రతోనే ఆయన ఒక ఆవును చితకబాదాడు. నా కళ్ల ముందే.

నిజాం రోజులు పోయి కొన్నేళ్లయింది. నాకు ఎనిమిదో తొమ్మిదో. తాండూరు అంగడిలో కందులు అమ్ముకుని, బెల్లం ముద్దలు కొనుక్కుని, బండి మీద బంట్వారం దిక్కు మా ఊరికి వస్తున్నాం. మాతో పక్కింటి చాచా ఉన్నాడు. ఊళ్లో బట్టలు కుట్టేవాడు. ఇంట్లో పసిపిల్లకు చాచీ పాలు చాలడం లేదని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక గొడ్డును కొన్నాడు. నిండు చూడి ఆవు. దాన్ని మా బండి వెనక కట్టాం.

దారి పొడవునా చాచా తాతను ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

"పటేలా, నీ ఎద్దులను జర బతిమాలు. పొద్దుగూకక ముందే ఇల్లు చేరాలె గద."

"అవి నీ లెక్క కూసోని బట్టలు కుడుతలేవు సాయిబూ. బరువు గుంజుతున్నయి."

వాగు దగ్గర బండి ఆపాం. తాత ఎద్దులను విప్పి నీళ్లకు దింపుతూ, "ఆవును ఇప్పకుండ్రి. దానికి నీళ్లు నేను తెస్త" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

దారి పక్కనే కోసేసిన జొన్నచేను. మొన్నటి అకాల వానకు మోళ్లన్నీ చిగుర్లు వేసి పచ్చగా ఉన్నాయి. ఆవు ఆ పచ్చదనం వైపే మెడ సాచి తాడు తెంపుకునేలా గుంజుతోంది.

"పాపం బిడ్డా, అంగడిల గా బేరగాడు దీనికి ఎండుగడ్డి పోస గూడ పెట్టలే. చూడు, ఎట్ల చూస్తున్నదో" అని చాచా తాడు విప్పాడు. నాకూ సంబరమే అయింది. ఆకలిగొన్న జీవం తింటుంటే ఎవరికి సంబరం కాదు?

బకెట్‌తో గట్టెక్కిన తాత అది చూశాడు. బకెట్ అక్కడే పారేసి ఉరికొచ్చాడు.

"నాము! నాము మేస్తున్నది! గుంజుండ్రి!"

కోసిన జొన్న మోళ్లకు వచ్చే లేత పిలకల్లో విషం ఉంటుంది. దాన్నే నాము అంటారు. బట్టలు కుట్టే చాచాకు అది తెలియదు, నాకూ తెలియదు. తాత తాడు పట్టి లాగాడు. ఆవు తల ఎత్తలేదు. చేతిలోని కర్రతో మూతి మీద కొట్టాడు, వీపు మీద కొట్టాడు. ఆగకుండా కొట్టాడు.

చాచా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "పాగల్ అయినవా పటేలా? చూడి గొడ్డది! నా ఆవును నువ్వు కొడ్తవా?"

"ఇడువు! సచ్చిపోతది!"

చాచాను తోసేసి, ఆవును కొట్టీ కొట్టీ దారి మీదికి తెచ్చాడు. అప్పటికే దాని కాళ్లు వణుకుతున్నాయి. నోట్లోంచి నురగ వచ్చింది. ముందు మోకాళ్ల మీద పడి, ఒక పక్కకు ఒరిగింది.

"బెల్లం తే! నాముకు అదే మందు!" అన్నాడు తాత. నేను రాయితో ముద్దలు పగలగొట్టాను. బకెట్‌లో మిగిలిన కాసిని నీళ్లలో పిసికాడు. గొడ్లకు మందు తాపే వెదురు గొట్టం బండిలో ఎప్పుడూ ఉండేది. చాచా కొమ్ములు పట్టుకున్నాడు.

"తల అంత మీదికి లేపకు, పొలమారుతది."

గొట్టం తర్వాత గొట్టం పోశాడు. ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. ఆవు డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. చాచా దాని కడుపు మీద అరచెయ్యి ఆనించాడు.

"దూడ కదులుతలేదు పటేలా."

"కదులుతది. నోరు మూసుకోని చెయ్యి ఆడనే పెట్టు."

నేను ఆవు కన్ను చూస్తూ కూర్చున్నాను. కన్ను మూస్తే పోతుందని నా భయం. మూయబోయినప్పుడల్లా నుదురు తట్టాను. ఎద్దులు కూడా వాటంతట అవే గట్టెక్కి వచ్చి నిలబడ్డాయి. ఎంతసేపో.

"కదిలింది" అన్నాడు చాచా. కాసేపటికి ఆవు పేడ వేసి, తూలుతూ లేచింది.

అప్పుడు తాత దారి మీదే కూలబడ్డాడు. చాచా పక్కన చేరి, "ఎందుకో గూడ చెప్తే నీ సొమ్ము పోతుండెనా?" అన్నాడు.

"నాకెరుక గద, అందరికెరుకే అనుకున్న. తప్పు నాదే."

"అయితే గా దెబ్బలు నీకే పడాలె" అని చాచా నవ్వబోయి ఏడ్చాడు. తాత మాత్రం ఆవు వీపు మీద లేచిన తట్లు చూస్తున్నాడు.

ఆవు బతికింది, ఈనింది, పసిపిల్ల ఆ పాలు తాగింది. కానీ తాతను చూస్తే చాలు బుస కొట్టి కొమ్ములు దించేది. ఆయన అడుగుల చప్పుడు వినపడినా పాలు చేపేది కాదు. ఎప్పుడూ చాచా వాకిట్లోంచి పోయే తాత, సందు చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాడు.

"నువ్వే బతికించినవు గద తాతా. దానికెందుకు తెలుస్తలేదు?" అని అడిగాను.

"దానికి కర్రే యాదికున్నది. ఉండనీ. నన్ను చూసి భయమైతే నేనే దూరముంటా. అదెందుకు పరేషాన్ కావాలె?"

ఎన్నో ఏళ్లకు, నా పెళ్లయ్యాక, మా ఆయన పోయినప్పుడు నా పక్కన కూర్చుని ఏడ్చినవాళ్లు చాలామంది. వాళ్ల ముఖాలు గుర్తు లేవు. మూడో నాడు నా రెక్క పట్టి లేపి, "లెవ్వు, గొడ్లు నీళ్లకు అర్రులు చాస్తున్నయి" అని కసిరిన ఆడపడుచు గుర్తుంది. ఆ రోజు ఆమెను తిట్టుకున్నాను. చానా తిట్టుకున్నాను.

ఆవు ఈనిన ఆ రోజుల్లో తాత రోజూ గడ్డి కోసి మోపు కట్టి నా నెత్తిన పెట్టేవాడు. నేను తీసుకెళ్లి ఆవు ముందు వేసేదాన్ని. ఆయన గోడ అవతల, దానికి కనపడకుండా, చెప్పులు విడిచి నిలబడేవాడు.

"తింటున్నదా?" అని మెల్లగా అడిగేవాడు.