వెన్నుమాంసం

మా ఫిలకే ఊళ్లో పొదార్కేస్‌ను పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ అతను 'ప్రొటెసిలావోస్ తమ్ముడు'. వేరేవాడైతే మొహం మాడ్చుకునేవాడు, ఇతను పొంగిపోయేవాడు. కొత్తగా పెళ్లయిన అన్న, ఇల్లు సగం కట్టి వదిలేసి ట్రాయ్ యుద్ధానికి ఓడ ఎక్కితే, మందలు చూసుకోమన్నా వినకుండా వెంటబడి తనూ ఎక్కాడు.

తీరా ట్రాయ్ ఒడ్డు చేరాక ఎవడూ దిగడే! ముందు కాలు పెట్టినవాడు చస్తాడని సోదె చెప్పారు మరి. అంతంత వీరులు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ కూర్చున్నారు. మా దొర ప్రొటెసిలావోస్ దూకాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఈటె దిగింది. ఆ తర్వాత మిగతావాళ్లంతా దూకారు, సిగ్గులేకుండా.

సాయంత్రం ఎద్దును కోశాం. మాంసం పంచేది నేనే, థ్రాసోన్‌ను. మాలో వెన్నుమాంసం దొరది. అది తిన్నవాడే దొర. ఎవరూ తినకపోతే మా నలభై ఓడలవాళ్లనూ పరాయి దొరలు పంచేసుకుంటారు. పక్క శిబిరంవాళ్లు అప్పుడే వచ్చి చూస్తూ నిలబడ్డారు.

నేను తీసుకెళ్లి పొదార్కేస్ ముందు పెట్టాను. అతను ఉలిక్కిపడ్డాడు.

"ఇది అన్నది. తీసెయ్ బాబాయ్."

"తిను నాయనా."

"అన్న పక్కన కూచుని ఎముకలు చీకినోణ్ణి. నాకేం తెలుసని?"

"నీ పేరులోనే వడిగల కాళ్లున్నాయి, పరిగెత్తడం తెలుసుగా!" అన్నాడో తెడ్డువాడు. "ఇంటివైపు మాత్రం పరిగెత్తకు."

ఎవరూ నవ్వలేదు. పొదార్కేస్ మాంసాన్ని నా వైపు నెట్టేశాడు. ఇక దాచలేకపోయాను.

"నా అంతట నేను పెట్టలేదయ్యా. మీ అన్నే చెప్పాడు. 'ఈ పూట వెన్నుమాంసం తమ్ముడికి పెట్టు బాబాయ్' అన్నాడు. 'ఏం, కడుపులో బాలేదా దొరా?' అని వేళాకోళం కూడా ఆడాను."

"ఎప్పుడు?"

"పొద్దున. ఓడ మీద."

"దూకకముందా?"

"ముందే."

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. నన్ను కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆ మాట పొద్దున నా బుర్రకెక్కి ఉంటే కాళ్లు పట్టుకుని ఆపేవాణ్ణి కదా!

పొదార్కేస్ మాంసం దగ్గరికి లాక్కున్నాడు. ఏడుస్తూ, గొంతుకు అడ్డం పడుతుంటే దగ్గుతూ, ముక్క మిగల్చకుండా తిన్నాడు. పక్క శిబిరంవాళ్లు వెళ్లిపోయారు. మేమంతా లేచి "దొరా!" అన్నాం.

"అలా పిలవొద్దు," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "ఎప్పుడూ పిలిచినట్టే పిలవండి."

పోరు సాగినన్నాళ్లూ 'ప్రొటెసిలావోస్ తమ్ముడు' ఎటు పొమ్మంటే అటు పోయాం.