ఎదురుకాళ్లతో పుట్టిన పిల్ల మడమ

ఇవాళ చైతన్యపురిలో ఫిజియోథెరపీ అక్క నా భుజం వెనక బొటనవేలితో నొక్కిపట్టింది. అక్కడ బఠాణీ గింజంత గడ్డ! ఆ నొప్పికి చిన్నప్పటి మా అల్మాస్‌గూడ ఇంటి వరండా, అందులో పరిచిన ఈతచాప గుర్తొచ్చాయి.

ఎదురుకాళ్లతో పుట్టిన పిల్ల తొక్కితే పట్టేసిన వీపు వదులుతుందని మీ వీధిలోనూ అనేవాళ్లు కదా? మా వీధికి ఆ పిల్లని నేనే. పక్కింటి యాదమ్మత్త రోజంతా కుట్టుమిషను మీద వంగి, సాయంత్రం ఆ చాప మీద బోర్లా పడుకునేది.

"గా గడ్డ మీద మడమ పెట్టి జర ఆగు బిడ్డా! ఏందే, కోతిలెక్క ఎగురుతవ్?"

ఆగితేగా! మధ్యలోనే దూకి పారిపోయేదాన్ని.

ఇప్పుడేమో ఉద్యోగం పరీక్షకని పొద్దస్తమానం రీడింగ్‌రూమ్ కుర్చీలోనే. పరీక్ష దగ్గరికొచ్చింది, పెన్ను పడితే చెయ్యంతా లాగుతోంది. "కదలకుండా కూర్చుంటే కండ ఇలాగే బిగుసుకుంటుంది. వేడి కాపడం పెట్టు, మధ్యమధ్యలో లేచి తిరుగు," అంది అక్క.

బయటికి రాగానే యాదమ్మత్తకి ఫోన్ చేసి చెప్పాను. పకపకా నవ్వింది.

"ఆగు ఆగు అని తిట్టింది నేనే గదనే. ఇగ నేనే చెప్తున్న, లేచి జర ఎగురు!"

ఇప్పుడు మళ్లీ రీడింగ్‌రూమ్‌లో ఉన్నాను, అందరూ తలలెత్తి చూస్తున్నారు. నేను మాత్రం కుర్చీల మధ్య తిరుగుతూనే ఉన్నాను.