దీవి మీది వాన చప్పుడు

మొన్న రోహిణి కార్తెలో, కొత్తకోట రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకుంటున్న మధ్యాహ్నం వేళ, నా చెవిలో వాన కురిసింది. అండమాన్‌లో ఇల్లు కిరాయికిచ్చే ఒకాయనతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. ఆయన గదుల గురించి, పరుపుల గురించి హిందీలో చెప్పుకుపోతున్నాడు. ఆయన మాటల వెనక, రేకుల మీద టపటపమని మొదలైన చప్పుడు కాసేపటికే హోరుగా మారింది. "ఒక్క నిమిషం మీరు మాట్లాడకండి" అన్నాను. నా ఎదుట కూర్చున్న కొత్త దంపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లు వచ్చే నెల ఆ దీవికి పోదామనుకుంటున్నారు. నేను మాత్రం కళ్లు మూసుకుని వాన వింటున్నాను. అలా వినడం నాకు నేర్పింది నర్సింహులు సారు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ఆయన దగ్గర పనికి చేరాను. హైవే పక్కన, పంక్చరు దుకాణానికీ మిర్చిబండికీ నడుమ ఒక్క గది ఆఫీసు. జనాన్ని యాత్రలకు పంపడం, పోయినచోట ఇళ్లు కుదిర్చి పెట్టడం మా పని. అంతకుముందు ఆయన మండలాఫీసులో వాన కొలిచేవారు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు, డబ్బాలో పడ్డ నీళ్లను గాజు గొట్టంలో పోసి, కంటి ఎత్తున పట్టి చూసి రాయాలి. "నౌకరి మొత్తంల నేను ఎక్కువసార్లు రాసింది సున్ననే" అనేవారు నవ్వుతూ. ఆయన సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. చూడని సముద్రం మీద అంత ఆసక్తి ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. గోడకు దీవుల పటం ఒకటి అంటించి, ఏ నెలలో గాలి ఎటు నుంచి ఎటు పోతుందో పెన్సిలుతో బాణాలు గీసి పెట్టుకున్నారు. నెలల పేర్ల పక్కన మన కార్తెల పేర్లు కూడా రాసుకున్నారు.

చేరిన వారంలోనే నేనొక ఇంటి ఫొటోలు చూసి మురిసిపోయాను. తెల్లటి మంచం, కిటికీలో నీలి సముద్రం. సారు వాటిని ఒకసారి చూసి, "బిడ్డా, గీ ఫొటోలు ఎండల దీసిండ్రు. మనోళ్లు పొయ్యేది వానల. మంచం ఎనక గోడ పంపమను. తలుపు అడుగు పంపమను" అన్నారు. తలుపు అడుగు ఫొటో ఎవరైనా అడుగుతారా అని నాకు నవ్వొచ్చింది. సిగ్గుపడుతూనే అడిగాను. వచ్చిన ఫొటోల్లో గోడ రంగు బుడగలు లేచి ఉంది. తలుపు ఉబ్బి, నేలకు తగలకుండా అడుగున చెక్కేసి ఉంది. "జూసినవా? మనం అడగాలెగని, ఇల్లు అబద్ధం జెప్పది" అన్నారు. బట్టలు ఎక్కడ ఆరేస్తారు, పడవలు ఏ వైపు లాగి కడతారు, ఏ నెలలో ఏ కిటికీ మూస్తారు, ఇవీ ఆయన ప్రశ్నలు. వాటిని యజమానిని కాదు, ఆ ఇల్లు ఊడ్చే మనిషిని అడగాలనేవారు.

నేను భజన మండలిలో పెరిగిన దాన్ని. మా తాత దగ్గర కూర్చుని పురాణం చదవడం నేర్చుకున్నాను. ఇప్పటికీ ప్రతి ఏకాదశికి మండలిలో చదివి అర్థం చెప్పేది నేనే. మా మండలికి పెద్ద రత్నమ్మ పెద్దమ్మ. గొంతు విప్పితే వీధి చివర దాకా వినబడుతుంది, మోకాళ్లు మాత్రం నాలుగు మెట్లకే మొరాయిస్తాయి. ఒక ఏకాదశి నాడు హారతి అయ్యాక ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఎండకాలమొస్తె బోరుకు దండం బెట్టుకునే బతుకాయె మనది. నలుదిక్కుల నీళ్లున్న జాగల ఒక్కపారి మునగాలె సుజాతా. వచ్చే యేడుకు నా మోకాళ్లు నన్ను మొయ్యయి. గీ యేడే తీస్కపో" అంది. ఆమెతో పాటు ఇంకో పదకొండు మంది సై అన్నారు. వాళ్లలో చాలామందికి శ్రీశైలమే దూరప్రయాణం.

ఎప్పుడు పోవాలన్న ప్రశ్నే నాకు రాలేదు. పుణ్యస్నానమంటే కార్తీకమే కదా. పున్నమి నాటికి అక్కడుండేలా, అండమాన్‌లోని ఒక దీవికి తూర్పు ఒడ్డున, తలుపు తీస్తే సముద్రంలోంచి సూర్యుడు లేచేలా తాటాకు కుటీరాలు చూసి పెట్టాను. మన దగ్గర కార్తీకమంటే వానలు వెనక్కిపోయి, ఆకాశం కడిగినట్టుండే నెల. వాకిట్లో పెట్టిన దీపం తెల్లవార్లూ కదలకుండా వెలుగుతుంది. అక్కడా అంతే అనుకున్నాను. అన్నీ కుదిర్చాకే సారుకు చెప్పాను, మెచ్చుకుంటారని.

ఆయన మెచ్చుకోలేదు, కోప్పడలేదు. పటం దగ్గరికి పోయి పెన్సిలు బాణం మీద వేలు పెట్టారు. "కార్తీకంల గాలి తూర్పుకెల్లి కొడ్తది. నీ తలుపు గూడ తూర్పే" అన్నారు. నాకు రోషం వచ్చింది. "దేవుని నెల సార్. పన్నెండు మంది భక్తితో పోతున్నం. స్వామి చూసుకోడా?" అన్నాను. ఆయన గుడికి ఎప్పుడో గాని పోరు. అందుకే నా మాట ఆయనకు అర్థం కాదనుకున్నాను. "చూసుకుంటడు బిడ్డా, నేను కాదంటలేను. గాలిని పంపేది గూడ ఆయననే గద? ఎటు పంపుతుండో జర అడుగుదాం" అని ఫోన్ తీశారు.

ఆ కుటీరాలు ఊడ్చే ఆమె మన తెలుగు మనిషే. వాళ్ల పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో పోయి స్థిరపడ్డారట. సారు గాలి సంగతి, పడవల సంగతి అడిగేసరికి ఆమె పకపకా నవ్వింది. "మీకు గది కావాలా, గాలి కావాలా బాబూ?"

"రెండూ గావాలె తల్లీ. కార్తీకంల ఎట్లుంటది?"

"ఆ నెల్లో మావు తూరుపు తలుపు తియ్యమండి. తుప్పర మంచం దాకా వచ్చేస్తాది. ఓ పాలి తుపానొచ్చి పైన ఆకంతా ఎగిరిపోయింది. పడవలన్నీ పడమటేపు లాగేస్తారు. పూజలకైతే సంక్రాంతి పండగెల్లినాక రండి, సముద్రం పళ్లెంలో నీళ్లలాగుంటాది."

సారు ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు. ఆ చూపులో గెలిచిన గర్వం లేదు, తెలుసుకోవాలన్న కుతూహలమే ఉంది. "నాకు తెల్వక అడుగుత. సముద్రస్నానం కార్తీకంలనే జెయ్యాల్నా? మీ పురాణంల ఇంకో నెల లేదా?"

లేకేం! ఉంది. మాఘం ఉంది. మాఘంలో సముద్రస్నానం ఎంత గొప్పదో చెప్పే అధ్యాయాన్ని నేనే ఎన్నిసార్లో గొంతెత్తి చదివాను, అర్థం చెప్పాను, చివర మంగళం పాడాను. మా ఊళ్లో సముద్రం లేదు గనుక ఆ మాట నా నాలుక మీదే ఉండిపోయింది. గుడికి పోని మనిషి అడిగితే గాని నేను చదివింది నాకు వినబడలేదు. సిగ్గుతో పాటు, దాచిపెట్టి మరిచిపోయిన వస్తువు దొరికినంత సంతోషం కూడా కలిగింది.

రత్నమ్మ పెద్దమ్మకు చెప్పడం అంత తేలిక కాలేదు. "గుడి మెట్లెక్కనోని మాట పట్టుకోని దేవుని నెల మారుస్తవా? మాఘం దాక నా మోకాళ్లు ఆగుతయని ఆయన కొలిచిండా?" అని మండలి ముందే నిలదీసింది. నేను ఆ అధ్యాయం తీసి చదివాను. ఆమె విన్నది గాని, ముఖం తిప్పుకునే సరేనంది. మాఘానికి ఆమె నడవలేకపోతే ఆ పాపం నాదే. ఆ మాట ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు.

కార్తీక పున్నమి రానే వచ్చింది. కొత్తకోట ఆకాశంలో మబ్బు తునక లేదు. మండలిలో భజన నడుమ దీపాలు వెలిగిస్తూ పెద్దమ్మ నాకు వినబడేలా, "అబ్బో, ఎంత తుఫానో చూడుండ్రి!" అంది. అందరూ నవ్వారు. నేను తల దించుకుని వత్తులు చేస్తున్నాను. అప్పుడే నర్సింహులు సారు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. చేతిలో ఫోన్, అవతల ఆ ఊడ్చే తల్లి. సారు ఫోన్ దీపాల మధ్య పెట్టి స్పీకరు నొక్కారు. ఆమె ఇంటి రేకుల మీద వాన. అలాంటి వాన మా చెవులు ఎరగవు. నడుమ నడుమ ఆమె అరుస్తున్నట్టుగా, "పడవలు ఆపేసేరండి, ఎవులూ రాలేరు, ఎవులూ ఎల్లలేరు" అంటోంది. భజన ఆగిపోయింది. పెద్దమ్మ చాలాసేపు విన్నది. తర్వాత ఫోన్‌కు దగ్గరగా వంగి, "నువ్వు పైలం బిడ్డా" అని ఆ ముఖమెరుగని మనిషికి చెప్పింది.  ప్రసాదం మొదట సారుకే పెట్టింది.

మాఘంలో పోయాం. ఆ తల్లే చూసిపెట్టిన ఇల్లు, మెట్లు లేని వాకిలి, ఒడ్డుకు యాభై అడుగులు. నా భుజమ్మీద చెయ్యి వేసి పెద్దమ్మ నడిచింది. నడుం లోతు నీళ్లలో నాలుగు వైపులా తిరిగి దండం పెట్టి మూడు మునకలు వేసింది. పైకి లేవగానే ఆమె అన్న మొదటి మాట, "సారుకు ఫోన్ గలుపు." తడి చేత్తో ఫోన్ అందుకుని అలల వైపు పట్టింది. "ఇనబడుతుందా సారూ?" అని అరిచింది. అవతల సారు అలలు విన్నారు. తర్వాత మెల్లగా, "ఇనబడుతుందమ్మా. గాలి ఎటుకెల్లి వస్తుంది?" అన్నారు.

సారు పోయి నాలుగేళ్లయింది. సముద్రాన్ని చూడకుండానే పోయారు. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, "అడగనీకి ఇంకా శానా ఉంది, చూసినంక ఏమడుగుత?" అని నవ్వేవారు. పటం నా వెనక గోడకు అలాగే ఉంది. ఏకాదశికి పురాణం తెరిచినప్పుడల్లా, ఇందులో నాకు ఇంకా వినబడని మాట ఏదో చూపించు స్వామీ అని దండం పెట్టుకుంటాను. ఆ ప్రార్థన ఏ గురువూ ఉపదేశించింది కాదు, వాన కొలిచే మనిషి దగ్గర నేర్చుకున్నది.

మొన్న కళ్లు తెరిచేసరికి ఆ దంపతులు ఇంకా నా ముఖమే చూస్తున్నారు. ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాను. రోహిణి ఎండలో ఆ గది నిండా దీవి మీది వాన కురిసింది. ఆ అమ్మాయి ఫోన్ వైపు వంగి విన్నది. కాసేపటికి యజమాని, "ఇంకేమైనా అడగాలా మేడం?" అన్నాడు.

"అడగాలి" అన్నాను. "మీ ఇల్లు ఊడ్చేవాళ్లకు ఒకసారి ఫోన్ ఇవ్వండి."