పోటు పాఠం

సైన్సు మాస్టారు నతానియేలు గారు పంచె ఎగ్గట్టి, గిలకలదిండి కాలవలోకి ఎక్కే సముద్రపు పోటు కొలవడానికి బురదలో వెదురుగడ పాతి, పిల్లల్ని ఒడ్డున కూర్చోబెట్టేవారు. "నిన్నటికంటే పోటు ఆలస్యమైందేమర్రా?" అనేవారు. "నిద్ర లేవలేదేమో మాస్టారూ!" అనేది సులోచన. "మరి రోజూ దాన్ని లేపేదెవరే?" అంటూ ఆయన పడీ పడీ నవ్వేవారు.

పిల్లల్ని ఇలా కాలవకి తిప్పడం హెడ్‌మాస్టరుకి గిట్టలేదు. కొనసాగాలో మానాలో తనిఖీకొచ్చే స్కూళ్ళ ఇనస్పెక్టరుగారే తేలుస్తారన్నారు. తనిఖీ రోజు నతానియేలు గారు ధీమాగా ఇనస్పెక్టరు ముందు సులోచననే నిలబెట్టారు. ఆ పిల్ల తల వంచుకుని, "పాఠాలేం కాలేదండీ. పరీక్షలొచ్చేస్తున్నాయి. మాస్టారు కాలవకే తీసుకెళ్తారండీ" అంది. కాలవకి వెళ్ళడం ఆగిపోయింది. మర్నాటి నుంచి మాస్టారు కుర్చీలోంచి లేవకుండా పుస్తకం చదివించారు. ఒకనాడు సులోచన చెయ్యెత్తి, "అమావాస్యకి పోటు ఎందుకు పెరుగుతుందండీ?" అని అడిగింది. ఆయన తలెత్తకుండా పేజీ తిప్పి, "అది పరీక్షలో రాదమ్మా, కూర్చో" అన్నారు.